మా మామ వినే చోటు

నేను చెప్పిన మాటలో పావు వంతు తీసేసి మిగతాది నమ్మడం మా చుట్టాలకు అలవాటు. మా అత్తమ్మ సగం తీసేస్తుంది. నాకు ఎన్నడూ చిన్నతనంగా అనిపించలేదు. ఖమ్మంలో ఒక కోచింగ్ కాలేజీ ఆడపిల్లల హాస్టల్‌కు వార్డెన్‌ని. ఇంటి మీద బెంగతో ఏడ్చే పిల్లను ఊరుకోబెట్టాలంటే ఉత్త నిజాలతో కుదరదు. ఇప్పుడు రాసేదాంట్లో కూడా ఎవరికి తోచినంత వాళ్ళు తీసేసుకోవచ్చు. ఎంత ఎక్కువ తీసేస్తే మా మామకు అంత మంచిది.

మా హాస్టల్ పిల్లలు ఫిజిక్స్ పుస్తకంలో నవల పెట్టుకుని చదువుతారు. నేను గుంజుకుంటాను. తిరిగి ఇచ్చేలోపు నేనే చదివేస్తాను. వాటిలో రహస్య స్థలాలు భలే ఉంటాయి. పుస్తకాల బీరువా జరిపితే మెట్లు. పాడుబడ్డ కోట కింద సొరంగం. అటక మీద ఏళ్ళ తరబడి దాక్కున్న మనిషి. మారువేషంలో ఊరు తిరిగే రాజు. చదువుతున్నంత సేపూ నాకు వేరే అనుమానాలు. అటక మీద మనిషి దగ్గు వస్తే ఏం చేశాడు? రాజుగారిని ఎవరైనా వెనక నుంచి అసలు పేరుతో పిలిస్తే మెడ తిప్పకుండా ఎలా ఆగాడు? రాసినవాళ్ళు తలుపు ఎక్కడుందో చెప్తారు గానీ, లోపల ఊపిరి ఎలా పీల్చాలో చెప్పరు.

నాకు తెలుసు. మా మేనమామ ఏళ్ళ తరబడి దాక్కునే బతికాడు. అటక మీద కాదు. బొగ్గు ఊళ్ళో, క్వార్టర్ ముందు గదిలో, అందరూ చూస్తుండగా, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని.

మామది బాయి పని. బొగ్గు గనిని మా దిక్కు బాయి అంటారు. భూమి కింద బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టేవాడు. ఆ పనికి ఇద్దరు కావాలి. మామకు జోడీగా ఒకాయన ఉండేవాడు. నేను ఆయన్ని కాకా అనేదాన్ని. చుట్టరికం ఏమీ లేకపోయినా వాళ్ళిద్దరూ ఒకరినొకరు బావా అని పిలుచుకునేవాళ్ళు. దుంగ పెట్టే ముందు ఇనుప కడ్డీతో పైకప్పును తట్టి చూడాలి. గట్టి రాయి ఖణేల్‌మంటుంది. వదులైన రాయి బోలుగా, డొల్ల కుండలాగా పలుకుతుంది. బోలు పలుకు వినబడిందంటే ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు, కాళ్ళు వాటంతట అవే వెనక్కి వస్తాయి. షిఫ్టులో ఉన్నవాళ్ళంతా ఈ ఇద్దరి చెవుల మీద బతికేవాళ్ళు.

మిషన్ల రొదకు మామ ఎడమ చెవి నిజంగానే పోయింది. పనికి రాడని డాక్టర్ల బోర్డు రాస్తే ఆ మనిషి కొడుక్కి ఉద్యోగం వస్తుంది. ఒక్క చెవికి రాయరని బాయి మీద అందరూ అన్నారు. మామ కొడుకు, అంటే నాకు మరిది, డిగ్రీ పూర్తి చేసి సెల్‌ఫోన్ దుకాణంలో నిలబడి ఉన్నాడు. మామ తన కుడి చెవి కూడా మూసేశాడు. బోర్డు ముందు ఎలా నెగ్గాడో నాకు ఎన్నడూ చెప్పలేదు. నా దగ్గర ఆ సంగతి మీద రెండు మూడు కథలు ఉన్నాయి గానీ అన్నీ నేను కల్పించినవే. కొడుక్కి ఉద్యోగం వచ్చింది. ఉద్యోగంతో క్వార్టర్, ఆ వెనక పెళ్ళి. మామకు మాత్రం ఆయుష్షు ఉన్నంత కాలం చెవుడు వచ్చింది.

నేనూ నిజమనే నమ్మాను. మామ చెవుడు పాతబడిపోయాక, ఒక ఎండాకాలం సెలవులకు వెళ్ళాను. మరిది డ్యూటీకి పోయాడు, అతని భార్య పుట్టింటికి వెళ్ళింది. మామ మొహం మీద తువ్వాల కప్పుకుని మంచం మీద పడుకున్నాడు. ఆయనకెలాగూ వినబడదు కదా అని నేను అత్తమ్మకు ఎలుగుబంటి కథ మొదలుపెట్టాను. ఆడవాళ్ళకు బస్సులో టికెట్ లేదన్న కొత్తలో కట్టిన కథ అది. పాల్వంచ దాటాక అడవిలో భద్రాచలం బస్సు ఆగింది. కొంగు కప్పుకుని ఒక ఎలుగుబంటి ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. కండక్టర్ ఆధార్ కార్డు అడిగాడు. చూపించింది. అతను ఫోటో వంక చూశాడు, దాని మొహం వంక చూశాడు. "కార్డుల కన్న నువ్వే మంచిగున్నవ్ తల్లీ" అని కార్డు తిరిగి ఇచ్చేశాడు.

అత్తమ్మ నవ్వలేదు. మామ నవ్వాడు. నోటితో కాదు, పొట్టతో. తువ్వాల కింద మొహం కదల్లేదు గానీ బనీను కింద పొట్ట ఎగిరెగిరి పడుతోంది.

నేను అత్తమ్మ వంక చూశాను. ఆమె లేచి వెళ్ళి తలుపు గొళ్ళెం పెట్టి వచ్చింది.

"జూసినవు గద. ఇగ నువ్వు గూడ మొయ్యాలె" అంది.

"ఎవలెవలకు తెలుసు అత్తమ్మా?"

"నాకు, నీ మరిదికి. కోడలికి తెల్వదు. నీ నోట్లె నువ్వుగింజ నానదు, నీకే తెలిసింది. నా ఖర్మ."

"నేను నిజం జెప్తే ఎవలు నమ్ముతరు?"

"గదొక్కటే ధైర్యం" అంది అత్తమ్మ.

మామ తువ్వాల తీయకుండానే, "ఎలుగుబంటి ఏడ దిగింది?" అని అడిగాడు.

ఆ తర్వాత ఆ ఇంటికి వెళ్ళాలంటే నాకు భయం. అంతకు ముందు చూసి కూడా పట్టించుకోనివన్నీ ఇప్పుడు కనబడేవి. వెనక ప్లేటు పడితే అందరి భుజాలూ ఉలిక్కిపడతాయి, మామ భుజం పడదు. కుక్కర్ కూత పెట్టినా, ఫోను మోగినా, వాకిట్లో కుక్కలు కొట్టుకున్నా ఆయన కళ్ళు టీవీ మీదే. ఆ టీవీకి సౌండు ఉండదు. పక్క క్వార్టర్ ఆవిడ పెరుగు తోడుకు వచ్చి, ఆయన ఎదురుగా నిలబడి, "ముసలోనికి చెవుల్లేవు గాని తిండికి మాత్రం తక్కువ లేదు" అని నవ్వేది. ఆయన కూడా ఆవిడ మొహం చూసి నవ్వేవాడు, ఏదో మంచి మాటే అనుకున్నట్టు. కోడలు పక్కనే కూర్చుని ఫోనులో వాళ్ళమ్మకు తన బాధలన్నీ చెప్పుకునేది.

"దొంగతనం జేస్తున్నట్టు ఉంటది మేనకోడలా" అన్నాడు ఒకసారి నాతో. "లేచి అవతలికి పోదమంటే, ఇంతల ఎందుకు లేచిండనుకుంటది. ఆ పిల్ల ఏడుస్తుంటది, నేను పల్లీలు తింటుంటా."

ఈ మాటలన్నీ ఆయన నాతో చెప్పిన చోటు వేరే. దమ్మపేట అవతల, అడవి అంచున, మా అమ్మవాళ్ళకు కొంచెం పామాయిల్ తోట ఉంది. దాన్ని మామే చూసుకునేవాడు. గెలలు కోయించాలనీ, మోటారు కాలిందనీ ఏదో ఒక వంకతో క్వార్టర్ నుంచి బయటపడి అక్కడికి వచ్చేవాడు. ముదిరిన పామాయిల్ తోటలో మిట్టమధ్యాహ్నం కూడా వెలుతురు మసకగా ఉంటుంది. మట్టలు పైన ఒకదానికొకటి కలుసుకుని ఆకాశం కనబడనివ్వవు. కొట్టేసిన మట్టలు వరసల మధ్య పరిచి వదిలేస్తారు. అవి ఎండి గుల్లబారి, కాలు పెడితే పటపటమని విరుగుతాయి. పిల్లి నడిచినా తెలుస్తుంది. మామ మధ్యలో మోటారు షెడ్డు ముందు కూర్చునేది అందుకే. ఎవరు వచ్చినా ఆయన దగ్గరికి చేరేలోపు ఆయన చెవిటివాడు అయిపోవడానికి కావలసినంత సమయం ఉంటుంది.

అక్కడ మామ వినేవాడు. తోట అవతల వాగు, వాగు అవతల టేకు అడవి. గూడెం ఆడవాళ్ళు పుల్లలు తెచ్చుకుంటూ వాళ్ళ భాషలో మాట్లాడుకుంటూ పోతుంటే కళ్ళు మూసుకుని వినేవాడు. "ఒక్క ముక్క సమజ్ గాదు. గందుకే మంచిగుంటది. ఇని గూడ ఇననట్టు ఉండే పని లేదు" అనేవాడు. నేను వెళ్తే మట్టల కుప్ప మీద చోటు చూపించి, "చెప్పు" అనేవాడు. నేను చెప్పేదాన్ని. క్వార్టర్‌లో దాచిపెట్టుకున్న నవ్వంతా అక్కడ వదిలేవాడు. నవ్వి నవ్వి దగ్గు వచ్చేది.

నవలల్లో రహస్య స్థలానికి వెళ్ళి మనిషి దాక్కుంటాడు. మా మామ అక్కడికి వెళ్ళి బయటపడేవాడు.

ఈ బతుకుకు పగుళ్ళు కాకా వైపు నుంచి మొదలయ్యాయి. కాకా నడుము దుంగలు మోసి మోసి వంగిపోయింది. ఆయన కూడా బోర్డుకు వెళ్ళాడు. ఫిట్ అని రాశారు. ఆ నడుముతోనే రిటైరయ్యేదాకా బాయి దిగాడు. కొడుక్కి ఉద్యోగం లేదు. కొడుకు ఖమ్మం మార్కెట్ యార్డులో మిర్చి బస్తాలు మోస్తున్నాడు. తండ్రి నడుము వంగింది, బరువుల కిందికి ఇప్పుడు కొడుకు నడుము వచ్చింది. కాకా టీ కొట్టు దగ్గర అంటున్న మాట మా మరిది చెవిన పడింది: "రాయి పలుకు పట్టేటోని చెవులు గట్లెట్ల పోతయ్? నాకు సమజైతలే."

ఆ మాట ఆఫీసుకు చేరితే మామను మళ్ళీ బోర్డుకు పిలుస్తారు. మరిది ఉద్యోగం పోతుంది, క్వార్టర్ పోతుంది. అప్పటికి మరిది భార్య నెల తప్పి ఉంది. ఆ ఇంట్లో అత్తమ్మా మరిదీ మెల్లగా మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. చెవిటివాడున్న ఇంట్లో అది కూడా తప్పే.

పిల్లవాడు పుట్టాడు. ఉయ్యాల ఫంక్షన్‌కు క్వార్టర్ వెనక రేకుల షెడ్డులో భోజనాలు పెట్టారు. నేను ఖమ్మం నుంచి వెళ్ళేసరికి కాకా అప్పటికే వచ్చి, చేతికర్ర గోడకు ఆనించి, మామకు సరిగ్గా ఎదురుగా కూర్చుని ఉన్నాడు. బాయి పాత మనుషులు మరికొందరు కూడా ఉన్నారు. మామ ఒళ్ళో మనవడు. తినడం అయ్యాక కాకా నన్ను పిలిచాడు.

"బిడ్డా, ఆ ఎలుగుబంటి ముచ్చట జెప్పు. మావోళ్ళు ఇనలేదంట."

చెప్పమన్నది నన్ను. చూస్తున్నది మామ మొహం. నేను చెప్పడం మొదలుపెట్టాక కూడా ఆయన కళ్ళు ఒక్కసారైనా నా వైపు తిరగలేదు. నా కథ వినడానికి కాదు, మా మామ నవ్వు పట్టుకోవడానికి కూర్చున్నాడని అప్పుడు అర్థమైంది. నవ్వించకపోతే ఎందుకు నవ్వించలేదని అనుమానం. నవ్విస్తే మామ పొట్ట సంగతి నాకు తెలుసు.

నేను బస్సును అడవిలో ఆపాను గానీ ఎలుగుబంటిని ఎక్కనివ్వలేదు. టైరు పంక్చర్ చేశాను. డ్రైవర్ చేత టైరు విప్పించాను. స్టెప్నీలో గాలి లేదన్నాను. వినేవాళ్ళు ఆవలించారు.

"గిది గట్ల గాదు గదనే" అన్నాడు కాకా విసుగ్గా. "ఎలుగుబంటి కొంగు కప్పుకొని ఎక్కుతది. కండక్టర్ ఆధార్ జూస్తడు. కార్డుల కన్న నువ్వే మంచిగున్నవ్ అంటడు."

నా కంటే ఆయనే బాగా చెప్పాడు. షెడ్డంతా గొల్లుమంది. మరిది నవ్వలేదు, చేతిలో ఉన్న నీళ్ళ జగ్గు అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. మామ పిల్లవాడి నోటి పక్కన కారిన పాలు తువ్వాల కొనతో తుడుస్తున్నాడు. తుడిచి, తలెత్తి, నవ్వుతున్నవాళ్ళందరినీ ఒకసారి చూసి, చెవిటివాళ్ళు మాట్లాడే పెద్ద గొంతుతో, "ఏందీ? ఏమన్నడు?" అని అడిగాడు. ఎవరూ చెప్పలేదు. అయినా ఆయన కూడా నవ్వాడు, అందరూ ఆపేశాక.

గండం గడిచిందనుకున్నాను. కాకా లేచాడు. గోడకు ఆనించిన చేతికర్ర తీసుకున్నాడు. వెళ్ళడానికే అనుకుని మరిది పక్కకు జరిగాడు. కాకా రెండడుగులు వేసి, మామ కుర్చీ వెనక ఆగి, కర్ర ఎత్తి, మామ తల మీద ఉన్న రేకును ఠకీమని కొట్టాడు.

రేకు బోలుగా పలికింది.

షెడ్డులో బాయి మనుషులు ఎంతమంది ఉన్నారో అప్పుడు తెలిసింది. తింటున్నవాడి చేయి నోటి దగ్గర ఆగిపోయింది. బీడీ ముట్టిస్తున్నవాడు అగ్గిపుల్ల పారేసి నిలబడ్డాడు. ఒకాయన కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. అందరి కళ్ళూ పైకి. ఎన్నేళ్ళ కిందటో బాయి వదిలిన మనుషుల కాళ్ళు ఇంకా బాయిలోనే ఉన్నాయి. మేం ఆడవాళ్ళం ఏమైందో తెలియక వాళ్ళ మొహాలు చూస్తున్నాం.

మామ పిల్లవాడి వేళ్ళు లెక్కపెట్టి ఆడిస్తున్నాడు. ఆయన రెప్ప కూడా కొట్టుకోలేదు.

కాకా కర్ర దించాడు. మామ ముందుకు వచ్చి నిలబడి, చాలా సేపు చూశాడు.

"నిజంగనే పోయినయ్ రా బావా నీ చెవులు" అన్నాడు. అని మామ తల మీద చేయి పెట్టి, పిల్లవాడికి ఆశీర్వాదం చెప్పి వెళ్ళిపోయాడు.

తర్వాత నేను అడిగితే మామ, "ఇనబడకేం. గా బోలు పలుకు సచ్చేదాకా ఇనబడతది. కాళ్ళు నావి గావు, ఎవలియో అనుకున్న. అంతే" అన్నాడు. ఆ మాట చెప్తుంటే ఆయన పిక్కలు ఇంకా అదురుతున్నాయి.

అసలు కష్టం ఆ పరీక్ష నెగ్గాక మొదలైంది. మామకు నిజంగా వినబడదని నమ్మకం కుదరడంతో కాకా రోజూ రావడం మొదలుపెట్టాడు. ప్లాస్టిక్ కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేసుకుని, ఎవరూ లేనప్పుడు, మనసులో ఉన్నదంతా చెప్పుకునేవాడు. వినబడని మనిషి కంటే నమ్మకమైన వాడు ఎవరుంటారు? చనిపోయిన భార్య గురించి, రాత్రిళ్ళు నిద్ర పట్టని నడుము నొప్పి గురించి, ఇంటికి రాని కొడుకు గురించి. మామ టీవీ చూస్తూ కూర్చునేవాడు. ఆ సౌండు లేని టీవీలో ఏమొస్తోందో ఆయనకు ఒక్కరోజూ తెలియలేదట. తట్టుకోలేక తోటకు పారిపోయి వచ్చాడు. నేను సెలవు పెట్టి వెళ్ళిన రోజున ఆయన నన్ను కథ అడగలేదు.

"ఒక్క మాట అననియ్యదు గదనే ఈ చెవుడు" అన్నాడు. "ఆడు నా పక్కకు కూసొని ఏడుస్తడు. భుజం మీద చెయ్యేద్దమంటే, ఇనబడిందేమో అనుకుంటడు."

వాగు దగ్గర చెంబు కడుక్కుని నీళ్ళు తేవడానికి వెళ్ళాను. తిరిగి వస్తుంటే రోడ్డు వైపు నుంచి మట్టలు విరుగుతున్న చప్పుడు. చేతికర్ర ఊతంతో నడిచే చప్పుడు. కాకా తోటకు కూడా వచ్చేశాడు. నేను షెడ్డు వెనకకు వచ్చి, మామ ఒక పక్క నుంచీ కాకా మొహం ఎదురుగానూ కనబడే చోట ఆగిపోయాను. నా కుడి కాలు ఎండు మట్ట మీద ఉంది. ఎత్తితే పటపటమంటుంది. బరువు అంతా ఎడమ కాలి మీద వేసుకుని, నీళ్ళ చెంబు గుండెకు ఆనించుకుని అలాగే నిలబడ్డాను.

కాకా మట్టల కుప్ప మీద, నా చోటులో కూర్చున్నాడు. రొప్పు తగ్గాక మొదలుపెట్టాడు.

"పోరడు నిన్న వచ్చిండు బావా. సర్టిఫికెట్లు తీస్కపోనికె. అన్నం తినుమన్న. తినలే. పోయేటప్పుడు గడప కాడ నిలబడి ఏమన్నడో ఎరుకనా? నీకు నటించుడు గూడ చాతగాలేదు అన్నడు."

మామ వాగు వైపు చూస్తున్నాడు.

"నేను నటించలే బావా. నాకు నిజంగనే నొస్తుండె. నిజంగ నొచ్చేటోనికి నటన ఎట్లొస్తది? డాక్టర్ వంగుమంటే వంగిన. పెద్దసారు గదా అడిగిండని కష్టపడి వంగిన. గదే తప్పయింది. నీ మీద గూడ ఆఫీసుల చెప్దామనుకున్న. నీ చెవులు మంచిగున్నయనుకున్న. పాపం జేసిన. మాఫ్ చెయ్యి."

వాగు అవతల ఎవరో కట్టెలు కొడుతున్నారు. నా ఎడమ కాలు తిమ్మిరెక్కుతోంది.

"నీకు చెప్పి పోదామని వచ్చిన" అన్నాడు కాకా. ఆ గొంతులో ఏడుపు లేదు, అందుకే నాకు భయం వేసింది. "రేపు పొద్దున భద్రాచలం బస్సెక్కుత. గోదారి బ్రిడ్జి కాడ దిగుత. గుడిదాకా పోను. గుళ్ళె నాకేం పని లేదు."

అర్థమైంది. షెడ్డు వెనక నుంచి బయటికి వచ్చి ఆయన చేయి పట్టుకుందామనుకున్నాను. కానీ నేను కనబడ్డా ఆయన నవ్వేసి, ఏమీ లేదని చెప్పి, రేపు బస్సు ఎక్కేస్తాడు. ఈ మాట ఎవరు విన్నా దాచేసుకుంటాడు. ఆయన మాట చెప్పుకున్నది మామకు. జవాబు చెప్పవలసింది మామే. చెప్తే ఆ జవాబుతో పాటు మరిది ఉద్యోగం, క్వార్టర్, ఉయ్యాలలో పిల్లవాడి ఇల్లు, అన్నీ ఆ ముసలాయన చేతిలో పెట్టినట్టే. మామ మెడ నరాలు కనబడుతున్నాయి. ఆయన చేతులు మోకాళ్ళ మీద ఉన్నాయి. అవి ఒకసారి లేచాయి, మళ్ళీ మోకాళ్ళ మీద పడ్డాయి.

కాకా కర్ర ఊతం చేసుకుని లేచాడు.

"బస్సెక్కకు" అన్నాడు మామ.

పెద్ద గొంతుతో కాదు. మామూలు గొంతుతో, వినబడే మనిషి మాట్లాడే గొంతుతో.

కాకా లేచినవాడు లేచినట్టే ఉన్నాడు. మామ లేచి ఎదురుగా నిలబడ్డాడు.

"కూసో బావా. బస్సెక్కకు."

"ఎప్పటి సంది ఇంటున్నవ్ రా?" అన్నాడు కాకా.

"మొదటి రోజు సంది."

"నా పెండ్లాం ముచ్చట?"

"అవ్."

"రేకు కొట్టింది?"

"అవ్ బావా."

కాకా చేతికర్ర ఎత్తాడు. నేను చెంబు పడేసి మట్టలు విరగదొక్కుకుంటూ వచ్చాను. ఆయన నన్ను చూడనైనా చూడలేదు. ఆ కర్రతో మామ భుజం మీద ఒకటి వేశాడు, గట్టిగానే. మామ తప్పుకోలేదు. రెండోది ఎత్తి, వేయలేక కర్రతో పాటు కింద కూలబడ్డాడు.

"అయితే పోరడన్నదే నిజం. నటిస్తే అయిపోతుండె."

"నిజం గాదు" అన్నాడు మామ.

"నాకు జెప్తే ఏం లాభం? ఆనికి జెప్పు. నేను నటించుడు రాక గాదు, నిజంగ నొచ్చి సచ్చిన్నని నువ్వు జెప్పు. నువ్వు జెప్తేనే నమ్ముతడు. నువ్వు నటించినోనివి."

మామ నా వంక చూశాడు. కాకా కొడుక్కి ఈ సంగతి చెప్పడమంటే, లోకంలో మా మీద అందరికంటే ఎక్కువ కోపం ఉండవలసిన మనిషికి తాళం చెవి ఇవ్వడం. వద్దని నా నోటి దాకా వచ్చింది. కాకా కళ్ళు చూశాక ఆ మాట మింగేశాను.

"రేపొద్దుగాల ఖమ్మం బస్సెక్కుదం. ఇద్దరం" అన్నాడు మామ.

ఇద్దరే కాదు, ముగ్గురం వెళ్ళాం. ఆ రాత్రి మరిదికి ఎవరమూ చెప్పలేదు. అత్తమ్మకు మామ చెప్పాడు. ఆమె టిఫిన్ డబ్బాలో పులిహోర పెట్టి ఇచ్చిందట.

మార్కెట్ యార్డు వెనక లారీలు ఆగే చోట కాకా కొడుకును పిలిపించాం. మిర్చి ఘాటుకు మా ముగ్గురికీ దగ్గులూ తుమ్ములూ. ఆ పిల్లవాడికి ముప్ఫై దాటి ఉంటాయి. మొహానికి తువ్వాల కట్టుకుని, వీపు మీద ఎర్రటి దుమ్ముతో వచ్చాడు. తండ్రిని చూసి అవతలికి తిరగబోయాడు.

"ఆగు కొడకా. నేను మాట్లాడాలె" అన్నాడు మామ.

అతను ఆగిపోయాడు. చిన్నప్పటి నుంచీ ఎరిగిన పెద్దయ్య, చెవుడు వచ్చిన మనిషి, మామూలు గొంతుతో మాట్లాడుతున్నాడు. మొహం మీద తువ్వాల కిందికి దించి చూశాడు.

మామ అంతా చెప్పాడు. ఎడమ చెవి నిజమని, కుడి చెవి అబద్ధమని. బోర్డు ముందు ఎలా నిలబడ్డాడో కూడా చెప్పాడు. ఆ సంగతి నేను విన్నది అప్పుడే, ఇక్కడ రాయను. "మీ నాయన పక్కన బాయిల పనిజేసిన. దుంగ ఎత్తి లేవలేక గోడ పట్టుకొని ఏడుస్తుంటే నేను నెత్తి మీది దీపం అవతలికి తిప్పెటోన్ని, సిగ్గుపడతడని. ఆ నొప్పి దొంగది గాదు. దొంగది నాది. మీ నాయనకు నటించుడు రాక గాదు, ఆ అవసరం రాలే. నువ్వు పొయ్యి ఆఫీసుల జెప్తే జెప్పు. నేను ఈడనే కూసుంట. కానీ ఆ మాట మాత్రం మీ నాయన ముంగట వాపస్ తీస్కో."

అవతల లారీ రివర్స్ వస్తోంది. లారీ కుర్రవాడు బండి వెనక చరుస్తూ ఆగు ఆగు అని అరుస్తున్నాడు. కాకా కొడుకు మామ మొహం చూశాడు, మామ కుడి చెవి చూశాడు, చివరికి తండ్రి చేతికర్ర చూశాడు. ఇతను ఇక్కడి నుంచి నేరుగా ఆఫీసుకు ఫోను చేస్తే నేనేం చేయగలనా అని లెక్క వేసుకుంటున్నాను. నా దగ్గర ఉన్న కథలన్నీ ఒక్కసారి తిప్పి చూసుకున్నాను. ఒక్కటీ పనికి వచ్చేలా లేదు.

"పొద్దున్నుంచి ఏమన్న తిన్నరా?" అన్నాడు ఎవరినని లేకుండా.

పులిహోర బస్సులోనే అయిపోయింది. అతను తండ్రి చంక కింద చేయి వేసి, రోడ్డు దాటించి, ఎదురుగా ఉన్న మెస్సుకు తీసుకెళ్ళాడు. హమాలీలు తినే చోటు. లోపల కిటకిట. మేం నలుగురం ఒకే బల్ల దగ్గర ఇరుక్కుని కూర్చున్నాం. కాకా కంచం కొడుకే దగ్గరికి జరిపాడు, పప్పు వేసి కలిపాడు కూడా. వాపస్ తీసుకోవలసిన మాట నోటితో తీసుకోలేదు గానీ, కాకా మాత్రం తలవంచి ఆ ముద్దలు తిన్నాడు.

వడ్డించేవాడు మామ దగ్గరికి వచ్చి, "తాతా, పెరుగా సాంబారా?" అన్నాడు.

మామ నోరు తెరిచాడు. మళ్ళీ మూసేశాడు. పక్క బల్ల మీద బాయి ఊరి నుంచి వచ్చినవాళ్ళెవరైనా ఉన్నారేమో మాకు తెలియదు. ఈ బల్ల దగ్గర తాను వినబడే మనిషా కాదా, ఆ ముక్క ఎవరు చెప్పాలో ఆయనకు అర్థం కాలేదు. కళ్ళు కాకా కొడుకు మీద నిలిపాడు.

కాకా కొడుకు వంగి, మామ కుడి చెవి దగ్గర నోరు పెట్టి, మెస్సంతా తిరిగి చూసేంత గట్టిగా అరిచాడు.

"పెద్దయ్యా, పెరుగు ఏస్కుంటవా అని అడుగుతున్నడు!"

"ఆఁ?" అన్నాడు మామ.

అతను ఇంకా గట్టిగా, మళ్ళీ అరిచాడు.